మేడి మీద చెయ్యి

వాన వెలిసిన రేగడిలో చెప్పులతో నడిచినవాళ్లకి ఈ పాఠం సగం వచ్చినట్టే. పదడుగులకే మట్టి చెప్పులకి అట్టలు కడుతుంది. మొదట కాలు ఈడ్చుకుంటాం, కాసేపటికి అదే ఊపుగా లేస్తుంది. గట్టెక్కి, పుల్లతో మట్టి గీరేసి తారురోడ్డు మీద అడుగేస్తే చూడండి: బరువు పోయిందని కంటికి తెలుసు, కాలికి తెలియదు. మోకాలు అవసరానికి మించి లేస్తుంది. నాలుగడుగులు పడితే గానీ మామూలు నడక రాదు.

అంటే మెదడు మట్టి బరువుని ముందే లెక్కగట్టి కాలికి పురమాయిస్తోందన్నమాట. 1994లో షాద్‌మెహర్, ముస్సా-ఇవాల్డి అనే శాస్త్రవేత్తలు మనుషుల చేతికి రోబో పిడి ఇచ్చి, అది పక్కకి నెడుతుండగా చెయ్యి చాపమన్నారు. మొదట వంకర పోయిన చెయ్యి సాధన మీద తిన్నగా సాగింది. ఆ నెట్టుడు ఆపేయగానే ఎదురువైపుకి వంకర తిరిగింది! ఈ సర్దుబాటులో పెద్ద వంతు చిన్నమెదడుదే. అది దెబ్బతిన్నవాళ్లకి ఇలా కుదురుకోవడం కష్టం.

పత్తిసాళ్లలో గుంటక తోలేవాడికి ఇలా ముందే లెక్కగట్టడం రోజువారీ పని. పదునున్న చోట మేడి (గుంటక పిడి) మీద చెయ్యి ఆనిస్తే చాలు. ఎండి గట్టిపడ్డ చోట నొక్కాలి. తడి ఆరని పల్లంలో కాస్త ఎత్తి పట్టకపోతే గుంటక దిగబడుతుంది. చెయ్యి తిరిగిన రైతు సాలు తప్పాక దిద్దుకోడు, నేల రంగూ ఎడ్ల బిగువూ చూసి రెండడుగుల ముందే బరువు మారుస్తాడు. ఎలాగని అడిగితే, ‘చేతికే తెలుస్తుందయ్యా’ అంటాడు. ప్రయోగశాల చెప్పిందీ ఇంచుమించు అంతే. (ట్రాక్టరు తోలేవాడికీ ఈ విద్య కావాలి, కాకపోతే నేల కబురు సీటులోంచి అందుతుంది.)

వచ్చిన విద్య పూర్తిగా పోదు కూడా. ఏళ్ల తర్వాత హైదరాబాదు నుంచి సంక్రాంతికొచ్చినవాడు, నాగార్జునసాగర్ కాలువ నీళ్లు పెట్టిన మిర్చితోటలో కాసేపు తూలి కుదురుకుంటాడు. వెంట వచ్చిన పిల్లలు ఇంకా జారుతూనే ఉంటారు.

అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడా చూసుకునే మెదడు ఇదంతా నేర్చుకుంటుంది. ఆ తేడా కనబడనివ్వకుండా మేడి మీద మన చెయ్యి కూడా వేసి నేర్పితే, సాలు తిన్నగా వస్తుంది గానీ కుర్రాడికి విద్య రాదు. అరక నేర్పే పెద్దలకి ఒక్క మనవి: చెయ్యి తీసేయండి. నాలుగు పత్తిమొక్కలు పోతే పోనివ్వండి.