శిలాద్వారం – చిత్రం – కాలం: శ్రీకాళహస్తి రాజగోపురం నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రాచీన ద్వారాన్ని చిత్రించడంలో ప్రధానంగా రెండు దృష్టులు కనిపిస్తాయి. ఒకటి ద్వారాన్ని కథకు ఆవరణగా గ్రహిస్తుంది. రెండవది దానిపై కాలం మిగిల్చిన గుర్తులను గ్రహిస్తుంది. ఈ రెండింటి మధ్య గల అంతరాన్ని శ్రీకాళహస్తి రాజగోపురం స్పష్టం చేస్తుంది.

1516లో శ్రీకృష్ణదేవరాయలు నిర్మింపజేసిన ఈ ఏడంతస్తుల గోపురం 2010 మే 26న కూలిపోయింది. దాని స్థానంలో నిర్మించిన నూతన గోపురం 2017లో ప్రారంభమైంది. దీనితో పూర్వరూపం మళ్ళీ లభించింది. 494 సంవత్సరాల ఎండవానల ఆనవాళ్ళు, కూలడానికి ముందు కనిపించిన పగుళ్ళు మాత్రం లభించలేదు. ఆలయధర్మం దృష్ట్యా అవి లభించవలసిన అవసరమూ లేదు. అయితే వాటి జ్ఞాపకాన్ని నిలుపవలసినది ఏది?

ఆ పట్టణానికే చెందిన కలంకారీలో దీనికి సమాధానం దొరకదు. కలంకారీ చిత్రకారుడు పురాణఘట్టాలను వరుస గళ్ళలో, మంటపాల, తోరణాల నడుమ అమర్చుతాడు. ఆ తోరణాలకు వయస్సు లేదు; వాటిలో జరిగే కథ నిత్యవర్తమానం. ఆ ద్వారానికి ఆకృతినిచ్చే నల్లని రేఖ, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరబెట్టగా వచ్చినదే కావడం గమనార్హం. కాలం పుట్టించిన తుప్పు ఇక్కడ కాలాతీతమైన రూపానికి సాధనమైంది.

ఇందుకు భిన్నమైన దృష్టికి థామస్ డానియెల్ 1795లో ప్రచురించిన, సికందరాలోని అక్బరు సమాధి ద్వారచిత్రం ఉదాహరణ. అందులో మీనార్ల శిఖరాలు విరిగి ఉన్నాయి. 20వ శతాబ్ది ఆరంభంలో వాటిని పునరుద్ధరించారు. నేడు కట్టడం సమగ్రంగా ఉంది. దాని క్షతి చిత్రంలోనే మిగిలింది. శిథిలసౌందర్యంపై ఆనాటి ఐరోపా చిత్రకారులకు గల మక్కువ ఇందులో లేకపోలేదు. ఆ ద్వారం గుండా నడిచేవారి విశ్వాసజీవితానికి అక్కడ చోటు స్వల్పం. అయినా ఆ చిత్రానికి సాక్ష్యవిలువ ఉంది.

కలంకారీ ద్వారానికి కథ ఉంది, వయస్సు లేదు. డానియెల్ ద్వారానికి వయస్సు ఉంది, కథ లేదు. శ్రీకాళహస్తి గోపురాన్ని సమగ్రంగా అధ్యయనం చేయడానికి రెండు దృష్టులూ అవసరం. నూతన గోపురం సంప్రదాయ నిరంతరతను నిలిపింది. 2010కి పూర్వపు ఛాయాచిత్రాలను, రేఖాచిత్రాలను సేకరించి, కాలనిర్ణయం చేసి భద్రపరచినప్పుడే ఆ నిరంతరతలోని విచ్ఛేదం కూడా చరిత్రకు దక్కుతుంది.