పచ్చ పచ్చగానే చేరాలంటే

చెంగిచెర్లలో ఉంటూ నేను చేసే పనిలో ఎక్కువ భాగం పోచంపల్లి చీరల ఫొటోలే. వరంగల్ రోడ్డు పడితే పోచంపల్లి మాకు దగ్గరే. మానిటర్ మీద నిండుగా ఉన్న చిలకపచ్చ కొన్ని ఫోన్లలో వెలిసినట్టు కనిపిస్తుంది. "గిది మా పచ్చ కాదన్నా" అని నేసినాయన అంటే, ఆ మాట నిజమే. ఫైలు ఒకటే అయినా ఫొటోషాప్‌లో ఒక రంగు, వేరే యాప్‌లో ఇంకో రంగు.

ఫైలులో నిజానికి ఉండేవి అంకెలు. మామూలు జేపెగ్‌ను తెరిస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు 0 నుంచి 255 దాకా విలువలుంటాయి. "పది" అని చెప్పి గజాలో మీటర్లో చెప్పకపోతే బట్ట కొలత తేలదు. ఈ అంకెలూ అంతే. అవి ఏ కొలతలో ఉన్నాయో చెప్పేది ఫైలుకు జతచేసిన కలర్ ప్రొఫైల్. దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ సరైన రంగు చూపిస్తుంది. చదవనిది తనకు తోచిన రంగు చూపిస్తుంది.

అలాంటి కొలతల్లో, 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించిన ఎస్ఆర్‌జీబీ ఇప్పటికీ ఇంటర్నెట్‌లో రంగులకు ఆధారం. 1998లో వచ్చిన అడోబ్ ఆర్‌జీబీ విస్తృతి ఇంకా ఎక్కువ. రెండింటిలో మూల ఎరుపు, మూల నీలం ఒకటే, తేడా ఆకుపచ్చలో ఉంది. అందుకే అడోబ్ ఆర్‌జీబీ ఫొటోను ఎస్ఆర్‌జీబీ అనుకుని చూపిస్తే రంగులన్నీ కాస్త చప్పబడతాయి, పచ్చలకు దెబ్బ ఎక్కువ.

ఫొటోషాప్‌లో 'అసైన్ ప్రొఫైల్' అంకెలను అలాగే ఉంచి వాటి అర్థాన్ని మారుస్తుంది, కాబట్టి రంగు మారుతుంది. 'కన్వర్ట్ టు ప్రొఫైల్' రంగును వీలైనంత నిలిపి అంకెలను మారుస్తుంది. ఫోన్లకు పంపే ఫొటోను ఎస్ఆర్‌జీబీలోకి కన్వర్ట్ చేసి, ప్రొఫైల్ జతచేసి సేవ్ చేయాలి. అంతకుముందే మానిటర్‌ను కాలిబ్రేట్ చేసుకోవాలి. నాచారం ప్రెస్సుకు వెళ్లే క్యాటలాగ్ అయితే, సిరాలు అందుకోలేని పచ్చలు కొన్ని ఉంటాయి కనుక ప్రూఫ్ చూశాకే అచ్చుకు ఒప్పుకోవాలి.

ఇంత చేసినా అన్ని తెరలూ ఒకేలా చూపించవు. కానీ మన చేతిలో ఉన్న తప్పులైనా తొలగుతాయి. నూలుకు కట్లు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, మగ్గం మీద నేస్తే వచ్చిన పచ్చ అది. చీరను ముట్టుకోకుండా ఫొటో చూసి కొనే ఈ రోజుల్లో రంగు తేడా వస్తే మాట పడేది నేసినవాళ్లే. వాళ్లకు ఆ మాట రాకుండా చూడటం మా పనిలో భాగమని నేను గట్టిగా నమ్ముతాను.