నోట్లో పెట్టుకునే రంగులు

హైదరాబాదులో మా గాంధీనగర్ సందుల్లో ఏ ఇంటి గేటుకు రంగు వేయించినా డబ్బా అడుగున గుక్కెడు మిగులుతుంది. దాన్ని పారబోయడానికి ఎవరికీ మనసొప్పదు. మూత బిగించి మెట్ల కింద దాస్తారు. మనవరాలి మొదటి పుట్టినరోజుకు నా చేత్తో చెక్క దిమ్మలు చేసి ఇద్దామని కూర్చున్న రోజు నా చెయ్యి కూడా ముందు ఆ డబ్బాల మీదికే పోయింది. గేటు ఎరుపు, కిటికీ గ్రిల్లు నీలం, ఎవరిదో స్కూటర్ ఆకుపచ్చ. దిమ్మలు తళతళలాడిపోయాయి. నాలుగు రోజుల తర్వాత ఒక దిమ్మ మూల దగ్గర గోటితో గీకి చూశాను. రంగు పట్టీలా ఊడి చేతిలోకొచ్చింది.

ఆ పట్టీ ఎక్కడికి పోయేదో వేరే చెప్పాలా? పదకొండు నెలల పిల్లకు కళ్ళూ చేతులూ ఉన్నా, దేన్నైనా తేల్చుకునేది నాలుకతోనే. తాళం చెవి, దువ్వెన, అమ్మమ్మ కళ్ళజోడు, అన్నీ ఆ పరీక్షకు వెళ్ళి రావలసిందే. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మెట్ల కింది డబ్బా ఏ సంవత్సరానిదో ఆ డబ్బాకే తెలియాలి. దిమ్మలన్నీ తీసి పక్కన పెట్టేశాను.

అప్పుడు గుర్తొచ్చాయి లక్కపిడతలు. నా తరం ఆడపిల్లల్లో వాటితో వంట చేయనివాళ్ళు తక్కువ. వేలెడంత గుండిగ, బొటనవేలంత చెంబు, తిరగలి, రోలు, పొయ్యి. మట్టి అన్నం వండి, ఆకుల కూర పెట్టి, ఆ చెంబును నోట్లో పెట్టుకుని కొరికిన రోజులు లెక్కలేనన్ని. అయినా ఎరుపు ఎరుపుగానే ఉండేది. గేటు రంగు నాలుగు రోజులకే ఊడితే, చిన్నప్పటి లక్క ఇన్నేళ్ళ తర్వాత కూడా అటక మీది పెట్టెలో ఎలా మెరుస్తోంది?

జవాబు ఏటికొప్పాకలో ఉంది. విశాఖపట్నం నుంచి దాదాపు 65 కిలోమీటర్ల దూరాన, అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. బొమ్మలకు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, నార సన్నగా ఉంటుంది. కొట్టుకొచ్చిన కొమ్మలను నెలల తరబడి ఆరబెడతారు. పచ్చి కర్ర మీద ఏ రంగైనా నిలవదు, లోపలి తేమ బయటికి వచ్చేటప్పుడు దాన్ని నెట్టేస్తుంది. ఆరిన కర్రను తరిణెకు బిగించి తిప్పుతూ ఉలితో రూపం తెస్తారు. వెనకటికి తాడు లాగడానికి ఒక మనిషి, ఉలి పట్టడానికి ఒక మనిషి ఉండేవారు. ఇప్పుడు తాడు పని మోటారు చేస్తోంది.

అసలు విద్య ఆ తర్వాత మొదలవుతుంది. లక్క అంటే మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మలను పట్టుకుని బతికే ఒక చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే గూడు. ఆ గూటి జిగురే లక్క, దాన్నుంచి దిగే ఎరుపే మన అమ్మమ్మలు పాదాలకు రాసుకున్న లత్తుక. లక్కను వేడి చేసి, రంగు కలిపి, జీళ్ళపాకం సాగదీసినట్టు మళ్ళీమళ్ళీ సాగదీస్తారు. రంగు లోలోపలి దాకా పట్టాక కడ్డీలుగా చుట్టి చల్లార్చుతారు. తరిణె మీద గిర్రున తిరిగే బొమ్మకు ఆ కడ్డీని అదిమి పెడితే రాపిడికి వేడి పుడుతుంది, వేడికి లక్క కరుగుతుంది, కరిగింది కరిగినట్టే కర్రకు అంటుకుపోతుంది. కుంచె లేదు, ఆరబెట్టడం లేదు. చివరికి మొగలి ఆకును అదిమి పట్టి రుద్దితే అద్దంలా నునుపు తేలుతుంది. గేటు రంగు చెక్క మీద చొక్కాలాంటిది. లక్క వేడి వేడిగా కర్ర సందుల్లోకి దిగి పట్టుకుంటుంది, అందుకే గోరు పెడితే లేచి రాదు.

ఆ లక్కలో కలిపేదేమిటన్నది మరో కథ. ఒకప్పుడు ఏటికొప్పాకలోనూ రసాయన రంగులే రాజ్యమేలాయి. మళ్ళీ చెట్ల రంగులవైపు ఊరిని మళ్ళించిన మనిషి సి.వి.రాజు. పసుపు కొమ్ముల నుంచి పసుపుపచ్చ, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం, ఇలా కలిపీ విడదీసీ చేసిన రంగులతో తరిణెలు మళ్ళీ తిరిగాయి. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది, 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చింది. అలాగని చెట్టు నుంచి వచ్చిందల్లా పిల్లలకు మంచిదని అనుకోవద్దు. గన్నేరు కూడా చెట్టే. ఏ ఆకు, ఏ గింజ, ఎంత అన్నది తెలిసి వాడటమే ఆ పనివాళ్ళ విద్య.

కొండపల్లి, నిర్మల్ బొమ్మల దారి ఇది కాదు. అక్కడ తెల్లపొణికి చెక్క, పూచికపుల్లంత తేలిక. కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూత పూసి, ఆపైన కుంచెతో రంగులద్దుతారు. అంబారీ ఏనుగు, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, దశావతారాలు ఆ చేతుల్లోంచి వచ్చినవే. ఎంత అందమైనా అవి కొలువులో కూర్చునే బొమ్మలు, చూసి మురవడానికి చేసినవి. కొలువులో పెట్టే బొమ్మ వేరు, నోట్లో పెట్టే బొమ్మ వేరు. నా దారి లక్క దారేనని తేలింది.

అక్కడే చిక్కు వచ్చి పడింది. తరిణె గుండ్రనివే చేస్తుంది. గిలక్కాయ, బొంగరం, పిడత, గిన్నె, ఏదైనా సరే తిరగాలి. నాకు కావలసినవి నలుపలకల దిమ్మలు. పలక మీద లక్క కడ్డీ అదిమితే ఆనేది మూలలకే. మన లక్క ఆటవస్తువుల్లో చతురస్రం ఎందుకు కనిపించదో అప్పుడర్థమైంది. లోపం ఊహది కాదు, పనిముట్టు గుండ్రం తప్ప మరోటి ఒప్పుకోదు.

నలుపలకల దిమ్మల వంశం వేరు. అక్షరాలు రాసిన పాచికలతో పిల్లలకు చదువు నేర్పొచ్చని ఇంగ్లండులో జాన్ లాక్ 1693లోనే రాశాడు. 1837లో జర్మనీలో పసిపిల్లల బడి మొదలుపెట్టిన ఫ్రోబెల్ తన ఆటవస్తువులకు పెట్టిన పేరే కానుకలు. మొదటి కానుక రంగురంగుల ఊలు బంతులు. మూడోది ఎనిమిది చిన్న దిమ్మలుగా విడిపోయే ఒక పెద్ద చెక్క దిమ్మ, దానికి రంగే లేదు. రంగు బంతికి, రూపం చెక్కకు అని ఆయన పంచాడు. నాకు ఆ పంపకం నచ్చలేదు. మన పిల్లలు పుట్టి పెరిగేది ముగ్గులూ పసుపు గడపలూ ఉన్న ఇళ్ళలో.

కర్ర కోసం భోయిగూడ వెళ్ళాను. గాంధీనగర్ నుంచి ఆటోలో ఎంతో సేపు పట్టదు, టింబర్ డిపోలన్నీ అక్కడే. తలుపులకూ మంచాలకూ కోయగా మిగిలిన వేప తునకలు ఏరుకున్నాను. వేప ఎందుకంటే గట్టిది, పురుగు పట్టదు, కొరికితే పొట్టు లేవదు. ప్లైవుడ్ జోలికి పోలేదు, దాని పొరల మధ్య ఏ జిగురుందో తెలియదు. "గింత చిన్న ముక్కలు ఏం జేస్తరమ్మా?" అన్నాడు కోత మిషన్ దగ్గరి వడ్రంగి. చెప్పాను. "మూలలు గుచ్చుకుంటయ్, జర రంద పట్టి ఇస్త" అని నేనడగకుండానే ప్రతి అంచునూ కొట్టేశాడు. డబ్బులిస్తే కోత మిషన్ పనికే తీసుకున్నాడు.

కొలత విషయంలో మొహమాటం పనికిరాదు. మూడేళ్ళలోపు పిల్లల ఆటవస్తువులను 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో వేసి పరీక్షిస్తారు. అందులో పూర్తిగా ఇమిడిపోయిందంటే గొంతులోనూ అడ్డం పడవచ్చు. అందుకని ఏ దిమ్మా అంగుళంన్నరకు, అంటే 38 మిల్లీమీటర్లకు తగ్గకుండా కోయించాను. కొన్ని చదరపువి, కొన్ని వాటికి సరిగ్గా రెట్టింపు పొడవు, కొన్ని నాలుగు రెట్లు. ఈ లెక్క తప్పితే పిల్ల కట్టే గోడ ఒక వైపు కుంగుతుంది. ఆ తర్వాత రేగ్‌మాల్. ముందు గరుకుది, తర్వాత సన్నది, చివరికి మరీ సన్నది, ఎప్పుడూ నార పోయే వైపే. తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే అణిగి ఉన్న నార పైకి లేస్తుంది, దాన్ని మళ్ళీ రుద్దాలి. చాలామంది ఈ మెట్టు ఎగ్గొడతారు. పిల్ల ఉమ్మి తగిలిన మర్నాడు వాళ్ళ దిమ్మలు గరగరలాడతాయి.

తరిణె లేకపోయినా లక్కను వదులుకోనక్కర్లేదు. హార్డ్‌వేర్ దుకాణంలో చపడా అనడిగితే గాజు పెంకుల్లాంటి తేనెరంగు రేకులిస్తారు. శుద్ధి చేసిన లక్కే అది. స్పిరిట్‌లో రాత్రంతా నానితే కరుగుతుంది. మాత్రల మీద, మిఠాయిల మీద మెరుపు పూతగా వాడేదీ లక్కే. రంగులు మాత్రం ఒక్కోటి ఒక్కో పేచీ పెట్టాయి. పసుపు స్పిరిట్‌లో చక్కగా దిగుతుంది, కానీ ఎండ పొడ తగిలితే వెలిసిపోతుంది. పైగా మెరిసే పసుపులో సీసం ఉన్న రసాయనం కల్తీ కలవవచ్చు, కొమ్ములకూ మెరుగు కోసం పూస్తారు. చూపుకు బాగుండని, మెరుగు పెట్టని కొమ్ములు తెచ్చి దంచుకున్నాను. జాఫ్రా బుద్ధిమంతురాలు, గింజలు నానితే చాలు. నీలిమందు స్పిరిట్‌లో కరగనే కరగదు. మెత్తగా నూరి కలపాలి, అయినా అడుక్కి దిగిపోతూ ఉంటుంది, కుంచె ముంచిన ప్రతిసారీ కలియబెట్టాలి.

పూత పలచగా ఉండాలి. ఒక చిక్కటి పూత కన్నా ఐదు పలచటివి మేలు, ప్రతి పూతకూ మధ్య ఒకసారి సన్నటి రేగ్‌మాల్. పని బాల్కనీలోనే, పొయ్యికి దూరంగా. లక్క ఇల్లు ఎలా అంటుకుందో భారతం విన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. వాసన పూర్తిగా పోయేదాకా పదిరోజులు గాలికి వదిలేయాలి. స్పిరిట్‌లో విషముంటుంది, అది ఎగిరిపోయాకే దిమ్మ పిల్ల చేతికి వెళ్ళాలి. సబ్బునీళ్ళలో వేస్తే లక్క పాడవుతుంది, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇంకో సుగుణం, పూత ఎక్కడైనా అరిగితే కొత్త పూత పాతదాన్ని కాస్త కరిగించి దానిలో కలిసిపోతుంది. అతుకు కనపడదు.

దేశంలో అమ్మే ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. నమోదైన చేతివృత్తివారికీ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఇచ్చారు. ఇంట్లో చేసి ఇచ్చే కానుకను ఎవరూ అడగరు. అందుకే నాకు ముద్ర కన్నా భయం ఎక్కువైంది. మొదటి దిమ్మ ఆరాక నేనే నాకి చూశాను. కొంచెం వగరుగా అనిపించింది, అంతే.

ఇక అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాల దిమ్మలు బజారు నిండా ఉన్నాయి, వరసగా పేరిస్తే మాటైపోతుంది. తెలుగులో అదే పని చేయబోయి అ పక్కన మ, దాని పక్కన మ పెట్టాను. అది "అమమ" అయింది. మన పిల్లల నోట్లోంచి ముందు వచ్చే మాటలు చూడండి: అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త, అవ్వ. తాత, మామ, బావ లాంటి కొందరు తప్ప చుట్టాలందరూ ఒత్తు మీదే నిలబడ్డారు. ఒత్తు పక్కన ఉండదు, కింద ఉంటుంది. గుడి పైన ఉంటుంది, కొమ్ము పక్కకు దిగుతుంది. వరస కట్టడానికి పుట్టిన దిమ్మ మన లిపికి చాలదు.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల మధ్య కూర్చుని, పెద్దబాలశిక్ష ముందు పెట్టుకుని, కాగితం మీద గీతలు గీశాను. పక్కనున్న అబ్బాయి ఇది ఏ పోస్టుకు సిలబస్ అన్నట్టు ఒకసారి తొంగి చూశాడు. తేలిందేమంటే, తెలుగు మాటను పేర్చకూడదు, కట్టాలి. అక్షరాలను తలకట్టు లేకుండా దిమ్మల మీద రాశాను. తలకట్లను అరంగుళం మందం బిళ్ళల అంచుల మీద వేరుగా రాశాను. జ, ట, ణ, బ, ల లాంటివి అసలు తలకట్టు లేని అక్షరాలు గనుక వాటికి బిళ్ళ ఖర్చు లేదు. ఒత్తులకు కింద పెట్టే బిళ్ళలు, ఎత్తు సరిపోవడానికి ఏమీ రాయని ఖాళీ బిళ్ళలు. ఇప్పుడు అమ్మ కట్టాలంటే అడుగున ఒక ఖాళీ బిళ్ళ, పక్కన మావత్తు, వాటి మీద అ, మ, ఆ మ నెత్తిన తలకట్టు. రెండక్షరాల మాటకు మూడంతస్తుల మేడ.

గుడికి మాత్రం చదరం నప్పలేదు. అంగుళంన్నర లావున గుండ్రంగా తరిణె పట్టించిన కర్రను నిలువునా రెండుగా చీలిస్తే రెండు గోపురాలొచ్చాయి. ఇన్ని తిప్పలు పడి పారిపోయిన తరిణె దగ్గరికే చివరికి మళ్ళీ వెళ్ళాను. వాటికి జాఫ్రా నారింజ వేశాను.

పిల్లకిప్పుడు రెండున్నరేళ్ళు. పసుపు దిమ్మ మూల మీద నాలుగు పంటిగాట్లున్నాయి, రంగు లేవలేదు. అక్షరాలు రావు, ఆ తొందరా లేదు. ఒత్తు బిళ్ళలు దాని లెక్కలో రైలు పట్టాలు. ఖాళీ బిళ్ళలు దోసెలు, రోజూ నాకు వడ్డిస్తుంది. నారింజ గోపురాలను మాత్రం ఏం కట్టినా అన్నిటికంటే పైనే పెడుతుంది. వాటిని గుడి అంటారని నేనింకా చెప్పలేదు.