‘దైవావేశము’: తెలుగు బైబిలులో ప్రేరణ, గ్రంథైక్య భావనలు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: బైబిలు దైవప్రేరితమనీ, అనేక గ్రంథాల సంపుటమైనా ఒకే గ్రంథమనీ క్రైస్తవుల విశ్వాసం. ఈ విశ్వాసం తెలుగులోకి వచ్చినప్పుడు ‘ఆవేశము’ అనే పదం దానికి ఏ అర్థచ్ఛాయలను జోడించిందో, బమ్మెర పోతన సంప్రదాయంతో దాన్ని పోల్చడం ఎంతవరకు సమంజసమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దైవావేశము, లేఖనము, పూనకం, అపౌరుషేయత, పోతన, జాషువ, డోర్నకల్.

1. ఉపోద్ఘాతం

బైబిలు దైవప్రేరితమని చెప్పడానికి తెలుగు ప్రసంగాలలో తరచుగా ఉదాహరించే వాక్యం తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక మూడవ అధ్యాయంలోనిది. గ్రీకు మూలంలో అక్కడ ఉన్న పదం ‘థెయోప్నెవుస్తోస్’. ‘దేవుని ఊపిరి సోకినది’ అని దాని వ్యుత్పత్త్యర్థం. తెలుగునాట విస్తృతంగా చదివే పరిశుద్ధ గ్రంథంలో దీనికి ‘దైవావేశము’ అనే మాట స్థిరపడింది. ఊపిరి ఆవేశంగా మారడం చిన్న మార్పు కాదు. ఊపిరి గ్రంథాన్ని ఆశ్రయించే గుణం. ఆవేశం మనిషిని ఆశ్రయించేది. మూలంలోని విశేషణం లేఖనానికి చెందగా, తెలుగు పదం పాఠకుని దృష్టిని లేఖకుని వైపు మళ్లిస్తుంది.

2. ఆవేశం, పూనకం

పాత వరంగల్లు జిల్లా ప్రాంతంలో ‘ఆవేశించడం’ నిఘంటువులో మిగిలిపోయిన మాట కాదు. 2019లో ములుగు జిల్లా ఏర్పడేదాకా జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్న మేడారంలో, రెండేళ్లకొకసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో, పూనకం అందరి కళ్లముందూ జరిగేదే. పూనకం వచ్చిన శివసత్తి మాట ఆమెది కాదు, దేవతది. అక్కడ వక్త వ్యక్తిత్వం తాత్కాలికంగా తొలగిపోతుంది. ఈ అనుభవం ఉన్న శ్రోత ‘దైవావేశము’ అనే మాట వినగానే బైబిలు రచయితలను కూడా ఆ స్థితిలోనే ఊహించుకోవడం సహజం.

బైబిలు పాఠం మాత్రం ఈ ఊహకు అనుకూలించదు. లూకా తన సువార్త ఆరంభంలోనే, సంగతులన్నిటినీ మొదటినుండి విచారించి వరుసగా రాస్తున్నానని చెప్పుకొంటాడు. అది పరిశోధకుని ప్రతిజ్ఞ. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో ప్రభువు ఆజ్ఞనూ తన అభిప్రాయాన్నీ వేరుచేసి చూపుతాడు. అంతకన్నా ఆసక్తికరమైన ఉదాహరణ అదే పత్రిక మొదటి అధ్యాయంలో ఉంది. తాను క్రిస్పునకు, గాయియునకు తప్ప మరెవరికీ బాప్తిస్మం ఇవ్వలేదని పౌలు మొదట అంటాడు. వెంటనే స్తెఫను ఇంటివారు గుర్తుకు వస్తారు. ఇంకెవరికైనా ఇచ్చానో లేదో గుర్తులేదని కూడా ఒప్పుకొంటాడు. పూనకంలో మరపు గురించిన ఇలాంటి ఒప్పుకోలు ఉండదు. ప్రేరణ సిద్ధాంతం నిలవాలంటే ఈ మరపును కూడా కలుపుకొని నిలవాలి. దీన్ని మినహాయించే వ్యాఖ్యానం గ్రంథాన్ని గౌరవిస్తున్నట్లు కనిపించినా నిజానికి గ్రంథాన్ని చదవడం లేదు.

అదే తిమోతి వాక్యంలో వ్యాకరణ సమస్య ఒకటుంది. లేఖనమంతా దైవప్రేరితమని విధేయంగా అన్వయించాలా, దైవప్రేరితమైన ప్రతి లేఖనమూ ప్రయోజనకరమని విశేషణంగా అన్వయించాలా అన్నది గ్రీకు పండితుల పాత చర్చ. 1611 నాటి ఆంగ్లానువాదం మొదటి అన్వయాన్నీ, 1881 నాటి సవరణానువాదం రెండవదాన్నీ స్వీకరించాయి. తెలుగు పాఠంలో ఉన్నది విశేషణాన్వయమే. అంటే తెలుగు వాక్యం విధిస్తున్నది లేఖన ప్రయోజనాన్ని. ప్రేరణ అందులో ముందే సిద్ధమని భావించిన విషయం. ప్రేరణకు రుజువుగా ఉదాహరించే వాక్యం తెలుగులో ప్రేరణను ప్రతిపాదించడం లేదన్న సంగతిని బోధకులు గానీ విమర్శకులు గానీ అంతగా పట్టించుకోలేదు.

3. పలికించడం

ప్రేరణ భావనను భారతీయ పాఠకునికి వివరించే ప్రయత్నంలో వేదాల అపౌరుషేయతతో పోల్చడం ఒక సులభమార్గం. ఈ పోలిక నిలవదు. మీమాంసకుల మతంలో వేదానికి కర్తే లేడు, ఈశ్వరుడు కూడా కర్త కాడు. బైబిలుకు కర్తలు మరీ ఎక్కువ.

అంతకన్నా దగ్గరి పోలిక జనగామ జిల్లా బమ్మెరలో దొరుకుతుంది. (పోతన జన్మస్థలంపై ఒంటిమిట్ట వాదం ఇక్కడ అప్రస్తుతం.) తాను పలుకుతున్నది భాగవతమనీ, పలికించేవాడు రాముడనీ పోతన చెప్పుకొన్నాడు. ‘పలికించడం’ ప్రేరణార్థక క్రియ. అందులో ప్రేరక కర్తతోపాటు ప్రేర్య కర్త కూడా నిలిచే ఉంటాడు. ఛందస్సును ఎన్నుకొన్నదీ, మూలాన్ని పెంచిందీ, అంత్యప్రాసలు కూర్చిందీ పోతనే. రెండవ పేతురు పత్రిక తెలుగు పాఠం ప్రవక్తల విషయంలో ‘ప్రేరేపించు’ ధాతువునే వాడింది. ‘ఆవేశము’ కన్నా ఈ ధాతువే సిద్ధాంతానికి న్యాయం చేస్తుంది. అయితే పోతన మాట భక్తకవి వినయోక్తి. దాన్ని ప్రమాణంగా అంగీకరించాలని ఏ సభా నిర్ణయించలేదు. బైబిలు విషయంలో ఆ నిర్ణయం జరిగింది. పోలిక అక్కడితో ఆగుతుంది.

4. అనేక హస్తాలు, ఒక గ్రంథం

‘బైబిలు’ అనే మాటకు మూలమైన గ్రీకు ‘బిబ్లియా’ బహువచనం; ‘పుస్తకాలు’ అని అర్థం. తెలుగు ‘పరిశుద్ధ గ్రంథము’ ఏకవచనం. తెలుగు పాఠకునికి ఈ ఏకత్వం వింతగా తోచదు. గంగన, సింగన, నారయ రచించిన స్కంధాలున్నా ఆంధ్ర మహాభాగవతాన్ని పోతన భాగవతమనే అంటాం. ఎర్రన అరణ్యపర్వశేషాన్ని నన్నయ రచనగానే పూరించాడు. కాని బైబిలు రచయితలు ఒకరి కంఠంలో ఒకరు లీనం కాలేదు. దావీదు జనసంఖ్య చేయించిన కథలో అతణ్ణి ప్రేరేపించింది సమూయేలు రెండవ గ్రంథం ప్రకారం యెహోవా కోపం, దినవృత్తాంతముల మొదటి గ్రంథం ప్రకారం సాతాను. ఈ రెండు కథనాలనూ సంకలనకర్తలు పక్కపక్కనే ఉంచారు.

రెండవ శతాబ్దిలో తతియాను నాలుగు సువార్తలను ఒకే కథగా కూర్చాడు. సిరియా సంఘాలు కొంతకాలం దాన్ని ఆదరించి, ఐదవ శతాబ్దిలో మళ్లీ నాలుగు సువార్తలకే మళ్లాయి. జాషువ ‘క్రీస్తు చరిత్ర’ (1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కావ్యం) చేసింది కూడా ఒక విధంగా తతియాను పనే. కావ్యానికి ఏకకథ కావాలి కనుక అది కవికి ఒప్పు. ఆ ఒప్పును సంఘం తనకు వర్తింపజేసుకోలేదు. క్రైస్తవ గ్రంథైక్యాన్ని ఏకకంఠంగా వర్ణించే విమర్శ ఈ తిరస్కారాన్ని విస్మరిస్తోంది.

5. డోర్నకల్ సంఘాలు

నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్ కేంద్రంగా 1912 నుండి 1945 వరకు బిషప్‌గా పనిచేసిన వి.ఎస్. అజరయ్య మాతృభాష తమిళం. తెలుగు నేర్చుకొని పనిచేశాడు. ఆ సంఘాలలో అధికసంఖ్యాకులైన మాల, మాదిగలలో చాలామందికి చదువు అందుబాటులో లేదు. వారికి బైబిలు చేతిలో ఉన్న గ్రంథం కాదు, చెవిన పడిన కథ, కీర్తన, కంఠస్థం చేసిన విశ్వాస ప్రమాణం. గ్రంథమంతా చదివి అది ఒకటేనని తేల్చుకొన్నవారు కారు వారు. ఒకటేనన్న సంగతి ముందుగా విని, ఆ తరువాత దాని భాగాలను ఒక్కొక్కటిగా అందుకొన్నారు. ఇదే ప్రాంతపు కతోలిక సంఘాలు చదివే బైబిలులో 73 గ్రంథాలు, తక్కిన సంఘాల బైబిలులో 66. తోబీతు కథ విని పెరిగిన ఇంటికీ, ఆ పేరే వినని పక్కింటికీ ‘పరిశుద్ధ గ్రంథము’ ఏకవచనమే.