ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు: శాఖల పేర్లు, ఉమ్మడి భాష

కొన్నేళ్ళ క్రితం బరంపురంలో ఒక తెలుగు క్రైస్తవ కుటుంబాన్ని కలుసుకున్నాం. ఇంటి పెద్దావిడను "అమ్మా, మీరు ఏ సంఘానికి చెందినవారు?" అని అడిగితే "మాది కాకినాడ మిషను బాబూ" అన్నారు. ఆవిడ కాకినాడ ఎన్నడూ చూడలేదు. మనవరాలు తాను పాడే కీర్తనలు రాసుకున్న నోటుబుక్కు తెచ్చి చూపించింది. భాష తెలుగు, లిపి ఒడియా. ఆనాడు ఆ ఇంట్లో విన్న మాటా, చూసిన పుస్తకమూ ఈ వ్యాసానికి ప్రేరణ.

తెలుగునాట ప్రొటెస్టెంటు శాఖల పేర్ల వెనుక సిద్ధాంతం కంటే భూగోళమే ఎక్కువ. 1840లో అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో, 1841లో ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీవారు మచిలీపట్నంలో, 1842లో లూథరన్లు గుంటూరులో, 1874లో కెనడియన్ బాప్టిస్టులు కాకినాడలో పని మొదలుపెట్టారు. ఒకరి పొలిమేరలోకి మరొకరు వెళ్ళరాదని మిషన్లు తమలో తాము ఒడంబడికలు చేసుకున్నాయి. ఆ విధంగా ఒక తాలూకావారు లూథరన్లయ్యారు, పక్క తాలూకావారు బాప్టిస్టులయ్యారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి ఆంగ్లికన్లను, మెథడిస్టులను, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ వర్గాలను కలిపినా, లూథరన్లూ బాప్టిస్టులూ బయటే ఉండిపోయారు. పొట్టకూటికి పొరుగు రాష్ట్రాలకు వెళ్ళినవారు ఊరితోపాటు మిషను పేరునూ వెంట తీసుకుపోయారు. బరంపురం పెద్దావిడ చెప్పిన పేరు ఆ మూటలోదే.

శాఖాభేదం భాషలో కూడా గూడు కట్టుకుంది. కథోలికులది 'జ్ఞానస్నానం', ప్రొటెస్టెంట్లది 'బాప్తిస్మం'. వారికి 'పవిత్రాత్మ', వీరికి 'పరిశుద్ధాత్మ'. తమిళం మీదుగా వచ్చిన రాయప్ప, చిన్నప్ప కథోలిక ఇళ్ళ పేర్లయితే, పేతురు, పౌలు ప్రొటెస్టెంటు ఇళ్ళ పేర్లు. పేరు వినగానే గుడి ఏదో తెలిసిపోయే ఊళ్ళు మేము చూశాం.

'బాప్తిస్మము' అన్న మాటను తెలుగుకు మాట కరువై తెచ్చుకున్న అరువుగా కొందరు పండితులు భావిస్తారు. ఆ అభిప్రాయం సరికాదని మా ఉద్దేశం. 1830లలో బెంగాలీ అనువాదంలో బాప్టిస్టులు ఆ గ్రీకు పదాన్ని 'ముంచుట' అన్న అర్థం వచ్చేలా అనువదిస్తే, బ్రిటిష్ బైబిలు సొసైటీ ఆ ముద్రణకు డబ్బు ఇవ్వనన్నది. 1840లో బాప్టిస్టులు లండనులో వేరే అనువాద సంఘమే పెట్టుకున్నారు. ముంచడమా, చిలకరించడమా అన్న తగవు తెగనిచోట, అర్థం తేల్చకుండా ధ్వనిని మాత్రం తీసుకున్న మాట అందరికీ పనికివస్తుంది. తెలుగులో నిలిచిన మాటను కూడా ఈ నేపథ్యంలోనే చూడాలి. అది ఒక రాజీ.

'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం ఇంతకంటే పెద్ద రాజీ. లూథరన్లు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘంవారు ఈ ఒక్క పుస్తకమే చేతపట్టుకుంటారు. కీర్తనకు రాగం, తాళం పేర్కొంటారు. కింద రచయిత పేరు ఉంటుంది. ఆయన ఏ మిషనువాడో అక్కడ ఉండదు. ఈ రచయితలలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). 1936లో ఒడిశాలో చేరిన పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్టిస్టు మిషనరీల వద్ద బాప్తిస్మం పొందినవాడు. పెద్దయ్యాక నీటిలో మునిగి విశ్వాసం ప్రకటించుకోవాలన్న శాఖలో చేరినవాని కీర్తనలను, పసిపిల్లల తలమీద నీళ్ళు చిలకరించే సంఘాలు తరతరాలుగా పాడుకుంటున్నాయి. ఇందులో ఎవరికీ ఇబ్బంది కనిపించలేదు. పల్లవి, చరణాల కట్టడం, భక్తుడు తన అల్పత్వాన్ని చెప్పుకొనే తీరు తెలుగువారికి అంతకుముందే అలవాటైనవి. చౌదరి ఆ బాటలో నడిచాడు కనుక ఆయన పాట శాఖ కంటే ముందు తెలుగుగా వినిపించింది.

అయితే ఈ పుస్తకాన్ని నిర్విమర్శగా మెచ్చుకోలేము. ఇంగ్లీషు వరసలకు కట్టిన అనువాదాలలో చాలావాటికి నడక లేదు. ఇంగ్లీషు పాటకు ఊనిక ఆధారం, తెలుగు పాటకు గురులఘువులు ఆధారం. పరాయి వరసలో హ్రస్వం సాగి, దీర్ఘం కుంచించుకుపోయి, మాట విరుగుతుంది.

రెండవ లోపం మరింత గట్టిది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. తెలుగు క్రైస్తవ సంఘాన్ని సంఖ్యలో నిలబెట్టినవారు ఇటువంటివారే. వారి నోటి తెలుగు మాత్రం ఈ పుస్తకంలో దాదాపు వినిపించదు. శాఖలను కలిపిన భాష చదువుకున్న కులాల గ్రాంథికం. శాఖాభేదం దాటినంత సులువుగా ఆ పుస్తకం కులభేదం దాటలేదు. పైగా ఉమ్మడితనానికి హద్దులూ ఉన్నాయి: కథోలికుల పాటలు వేరు, భక్తసింగ్ సహవాసాలవారి 'సీయోను గీతములు' వేరు.

మన సాహిత్య చరిత్రకారులు ఈ కీర్తనలన్నిటినీ 'క్రైస్తవ సాహిత్యం' అన్న ఒక్క పేరాలో ముగిస్తారు. సంఘ చరిత్రకారులు తమ తమ మిషను ఖాతాలో వేసుకుంటారు. కీర్తనను కీర్తనగా చదివే పని ఇద్దరూ చేయలేదు. ఏ మాట ఏ ప్రాంతానిది, ఏ వరస ఎక్కడిది, ఏ పాట ఎవరి నోట ఎలా మారింది అన్న ప్రశ్నలు ఇంకా మిగిలే ఉన్నాయి.

రాష్ట్రం వెలుపలి తెలుగువారికి ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. పిల్లలు ఒడియా, కన్నడ, తమిళ, మరాఠీ బడులలో చదువుతున్నచోట వారం వారం తెలుగు నోటికి తగిలే చోటు కొన్ని ఇళ్ళకు ఆదివారం గుడి ఒక్కటే. బరంపురం అమ్మాయి నోటుబుక్కును భాషాక్షీణతకు గుర్తుగా చూడడం మాకు ఇష్టం లేదు. ఆ అమ్మాయి చేసిన పనినే మన పీఠాలు శాస్త్రీయంగా చేయాలి: కఠినపదాలకు అర్థాలతో, పాఠభేదాలతో, స్థానిక లిపులలో కూడా కీర్తనలను ప్రచురించాలి. పాడే ముసలివారు ఉండగానే వారి గొంతులు భద్రపరచాలి. శాఖ పేరు ఏ భాషలోనైనా బతుకుతుంది. ఆ పెద్దావిడ మనవరాలికి రేపు 'కాకినాడ మిషను' అన్న రెండు మాటలే మిగిలి పాట పోతే, ఆ పేరు దేనికి గుర్తో చెప్పేవారు ఉండరు.