చార్మినార్ దగ్గర తండ్రుల్లేని కొడుకులు

తండ్రీకొడుకులకు పడకపోవడం మన సినిమాలకు ఎప్పుడూ మంచి ముడిసరుకే. పెద్ద సినిమాల్లో ఆ తగువు చివరికి ఒక పొడుగాటి ఉపన్యాసంగా తేలుతుంది. 'బొమ్మరిల్లు' (2006)లో కొడుకు తండ్రి ముందు నిలబడి ఇన్నేళ్ల లెక్కలు అప్పజెప్పిన సన్నివేశం ఎవరూ మరచిపోయి ఉండరు. తక్కువ డబ్బుతో, పేరున్న హీరోలు లేకుండా తీసిన హాస్యచిత్రాలు ఆ తగువును కాస్త కింద స్థాయిలో, ఇంటి మాటల్లో నడిపించాయి. వాటిలో తరుణ్ భాస్కర్ తీసిన 'పెళ్లిచూపులు' (2016) నాకు బాగా ఇష్టం. ఇష్టం కాబట్టే దానితో పేచీ కూడా.

ప్రశాంత్ ఇంజనీరింగు ఎట్లాగో గట్టెక్కినవాడు. ఉద్యోగం లేదు, చేయాలనీ లేదు. వంట మీద మనసు. తండ్రికి వాడు కళ్లెదుట తిరిగే నష్టం. పెళ్లి చేస్తేనన్నా దారిన పడతాడని పెళ్లిచూపులకు తీసుకెళ్తే, వెళ్లింది తప్పు చిరునామాకు. ఆ ఇంట్లో చిత్ర ఉంది. చదువు, తెలివి, వ్యాపారం చేయాలన్న పట్టుదల అన్నీ ఉన్న అమ్మాయి. తలుపు బిగుసుకుపోయి ఇద్దరూ ఒక గదిలో ఇరుక్కుంటారు, కథలు చెప్పుకుంటారు. సంభాషణలకు జాతీయ పురస్కారం వచ్చిన సినిమా ఇది. షూటింగులోనే శబ్దం రికార్డు చేయడం వల్ల తండ్రి విసుగు కూడా నిజం ఇంట్లో విసుగులాగే వినిపిస్తుంది.

సినిమాలో తండ్రులు ఇద్దరు. ప్రశాంత్ తండ్రి కొడుకు పనికిరానివాడని కుములుతుంటాడు. చిత్ర తండ్రి తనకు కొడుకు లేడని కుములుతుంటాడు. ఈ రెండు దుఃఖాలనూ ఎదురెదురు గదుల్లో పెట్టడం దర్శకుడి తెలివి. చేతకాని కొడుక్కి ఇంకో అవకాశం, ఆ తర్వాత ఇంకోటి దొరుకుతూనే ఉంటాయి. చేతనైన కూతురికి పెళ్లి గడువు ఒక్కటే దొరుకుతుంది. ఇంతవరకూ సినిమాకు తెలిసే చేసింది. తెలియక చేసిందీ ఒకటుంది. కొడుకు వంటింట్లోకి వెళితే అది కల, కళ, చివరికి ఫుడ్ ట్రక్కు. అదే వంటింట్లో అన్నేళ్లుగా ఉన్న తల్లి పనిని ఎవరూ ఆ పేర్లతో పిలవరు. తండ్రీకొడుకుల మధ్య తల్లి తిరుగుతూ ఉంటుంది, అంతే.

ఆ తిరగడం నాకు బాగా తెలుసు. మాది లాల్ దర్వాజా. మా బాపు, అన్న ఒకే గదిలో కూర్చుని మూడేళ్లు నేరుగా మాట్లాడుకోలేదు. 'వాన్ని తిని పొమ్మను' అని బాపు అంటే, వినబడినా అన్న కదిలేవాడు కాదు. అమ్మ వచ్చి అదే మాట మళ్లీ అనాలి. 'నూరు రూపాయలు కావాల్నని బాపుకు చెప్పమ్మా' అని అన్న. బాపు చొక్కా జేబులోంచి నోటు తీసి అమ్మకిచ్చేవాడు. వాళ్లిద్దరి పౌరుషాలూ నిలబడింది అమ్మ కాళ్ల మీద. ఇప్పుడా రోజులు తలచుకుని అందరం నవ్వుకుంటాం. అమ్మ కూడా నవ్వుతుంది, ఒక క్షణం ఆలస్యంగా.

ఆ మూడేళ్లలోనే అన్న 'ది అంగ్రేజ్' (2006) సీడీ తెచ్చాడు. కుంటా నిఖిల్ తీసిన ఆ సినిమాను మా గల్లీలో చూడని ఇల్లు లేదు. అమెరికా నుంచి వచ్చి హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన ఇద్దరు కుర్రాళ్లు, చార్మినార్ దగ్గర చాయ్ తాగుతూ పొద్దు పుచ్చే ఇస్మాయిల్ భాయ్ ముఠా, వాళ్ల మధ్య ఒక చిల్లర గొడవ. ధీర్ చరణ్ శ్రీవాస్తవ్ ఇస్మాయిల్ భాయ్, మస్త్ అలీ సలీం ఫేకు. దక్కనీకి ఆ సినిమా చేసిన మేలు చిన్నది కాదు. 'గుమ్‌నామ్' (1965)లో మెహమూద్ కాలం నుంచీ హైదరాబాదీ యాస అంటే నౌకరు పాత్ర నోట్లో నవ్వులాట. ఇక్కడ అది సినిమా మొత్తాన్నీ మోసింది. పాతబస్తీ కుర్రాళ్లు వాళ్ల భాషను తెర మీద విని మురిసిపోయారు. నేనూ మురిశాను.

ఇప్పుడు 'పెళ్లిచూపులు' పక్కన పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్రశాంతూ పనిలేనివాడే, సలీమూ పనిలేనివాడే. ఇద్దరి చేతకానితనమూ నవ్వులకు పెట్టుబడే. ప్రశాంత్‌కు తిట్టే తండ్రి ఉన్నాడు. తిట్టే తండ్రి ఉన్నాడంటే ఆశపెట్టుకున్న తండ్రి ఉన్నాడని, ఆ ఆశ తీరడమే కథ అని. ఇస్మాయిల్ భాయ్ ముఠాలో ఎవరి కథనూ నడిపే తండ్రి లేడు. వాళ్లు తెల్లారి ఏ ఇంట్లోంచి లేచి వస్తారో, రాత్రి ఎవరు అన్నం పెడతారో సినిమాకు అక్కర్లేదు. ప్రేమలు, అమ్మాయిలు అంతా హైటెక్ వైపే. మధ్యతరగతి హిందూ కుర్రాడు ఊరికే కూర్చుంటే ఒక దశ. పాతబస్తీ ముస్లిం కుర్రాడు ఊరికే కూర్చుంటే అదే వాడి స్వభావం. ఒకడు బాగుపడతాడు, రెండోవాడు సినిమా అయిపోయాక కూడా అక్కడే చాయ్ తాగుతూ ఉంటాడు. ఆ ముఠా మీద నా ఇష్టం పోలేదు కానీ, వాళ్లను అంత తేలిగ్గా ఇష్టపడగలగడం వెనక వాళ్ల ఇళ్లు చూపించకపోవడం ఉందని అనిపిస్తుంది.

తండ్రి లేకపోవడమే పాతబస్తీలో ఒక పెద్ద కథ కదా. 1970ల నుంచి ఈ గల్లీల మగవాళ్లు సౌదీకి, కువైట్‌కు, దుబాయికి పోతూనే ఉన్నారు. మా బాపు దుకాణంలో ఫోను ఉండేది. జుమ్మా రోజున పక్కింటివాళ్లకు దానికే గల్ఫ్ నుంచి ఫోను వచ్చేది. కొడుకు మా అన్న ఈడువాడు. రిసీవరు పట్టుకుని 'జీ అబ్బా, జీ అబ్బా' తప్ప ఇంకో మాట ఉండేది కాదు. అవతల నుంచి అడిగేవి మూడే ప్రశ్నలని అందరికీ తెలుసు. చదువుతున్నావా, నమాజు చేస్తున్నావా, అమ్మీ మాట వింటున్నావా. మూడో ప్రశ్న వచ్చేసరికి వాడు ఫోను వాళ్లమ్మకు ఇచ్చేసేవాడు. ఆమె బుర్ఖా అంచు పళ్లతో పట్టుకుని, వాడు ఫెయిలైన సంగతి మింగేసి, అంతా బాగుందని చెప్పేది. పక్కన నిల్చున్న అక్క వేళ్ల మీద నిమిషాలు లెక్కపెట్టేది. ఆ అక్కను ఫోనులో అడిగే ప్రశ్న ఒక్కటీ ఉండేది కాదు.

ఇందులో హాస్యానికి తక్కువేముంది? రెండేళ్లకోసారి తండ్రి సూట్‌కేసులతో దిగితే, తనకంటే పొడుగైన కొడుకును కొత్తవాణ్ని చూసినట్టు చూసేవాడు. ఇద్దరి మధ్యా దుబాసీ మళ్లీ తల్లే. మా ఇంట్లో ఒక గది దూరం, వాళ్లింట్లో ఒక సముద్రం దూరం, ఆడవాళ్ల పని మాత్రం ఒక్కటే. మన చిన్న సినిమాలు ఈ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి.

సినిమా పాతబస్తీ ఇళ్లలోకి అసలు వెళ్లలేదని కాదు. సాగర్ సర్హదీ 'బాజార్' (1982) వెళ్లింది. గల్ఫ్ డబ్బుకు అమ్ముడుపోయే పెళ్లికూతురి కోసం వెళ్లింది. అది చూసి ఏడవనివాళ్లు లేరు, ఏడవాల్సిందే కూడా. అయితే నవ్వు కావాలంటే చార్మినార్ దగ్గరి మగవాళ్లు, ఏడుపు కావాలంటే పరదా వెనక ఆడవాళ్లు అన్న పంపకం అప్పుడు మొదలై మనకు అలవాటైపోయింది. పాతబస్తీ ఆడవాళ్లు నవ్వించగలరని, అందులోనూ మగవాళ్ల బింకాన్ని చూసి నవ్వగలరని, వాళ్ల మధ్య ఒక మధ్యాహ్నం కూర్చున్నవాళ్లకెవరికైనా తెలుస్తుంది. సినిమావాళ్లకు ఆ మధ్యాహ్నం దొరికినట్టు లేదు.

ఒక్క మినహాయింపు చెప్పాలి. హైదరాబాదులో ఉండి ఉర్దూలో రాసిన జీలానీ బానో కథ 'నర్సయ్యాఁ కీ బావ్‌డీ' ఆధారంగా శ్యామ్ బెనగల్ తీసిన 'వెల్ డన్ అబ్బా' (2010). ముంబైలో డ్రైవరుగా పనిచేసే అర్మాన్ అలీ కూతురి పెళ్లి కోసం సెలవు పెట్టి ఊరొస్తాడు, వచ్చి ప్రభుత్వ పథకం బావిలో పడతాడు. కాగితాల మీద తవ్వి నేల మీద లేని బావి. దూరాన కొలువు చేసే తండ్రి, ఇంట్లో పెరిగిన బిడ్డ, దక్కనీ కలిసిన మాట, లంచాల మీద ఎకసెక్కం అన్నీ ఉన్నాయి. తండ్రికి తోడుగా నిలబడి పోట్లాడేది కూతురు ముస్కాన్. ఆ ఇంట్లో నవ్వు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. కాకపోతే అది పల్లెటూరు. అక్కడ ఉన్నది కూతురు కాబట్టి బింకాలు లేవు, మధ్యవర్తి అవసరమూ లేదు. అదే అర్మాన్ అలీ షాలిబండకు తిరిగొచ్చి, ఇస్మాయిల్ భాయ్ ముఠాలోంచి తన కొడుకును వెతుక్కునే సినిమా కోసం నేనింకా చూస్తున్నాను. వాడెక్కడ కూర్చుంటాడో ఆయనకు చెప్పేది మాత్రం వాళ్ల అమ్మీయే అయి ఉంటుంది.