కొత్త ఇంధనముల కార్లు: ఒక విమర్శ

పెట్రోలుకు బదులు మరియొక ఇంధనముతో నడచు కారు గాలిని చెరుపదని ప్రచారము సాగుచున్నది. ఇది పొగగొట్టమును మాత్రమే చూచి చెప్పు మాట. ఇంధనము ఎచ్చట పుట్టినదో చూచినగాని దాని మంచిచెడ్డలు తేలవు. అందుకు నల్లగొండ, పాలమూరు సీమలే చాలును.

మొదటిది హైబ్రిడ్ కారు. ఇందు పెట్రోలు ఇంజనుతోపాటు విద్యుత్ మోటారు, బ్యాటరీ ఉండును. బ్రేకు వేసినపుడు వేడిగా వృథాయగు శక్తిలో కొంత మోటారు ద్వారా విద్యుత్తుగా మారి బ్యాటరీని చేరును. కావున ఆగుచు సాగుచు పోవలసిన హైదరాబాదు వీథులలో దీని లాభము ఎక్కువ. చిట్యాల, నకిరేకల్లు మీదుగా విజయవాడకు ఒకే వేగముతో పోవునపుడు బ్రేకుతో పని తక్కువ, లాభమును తక్కువే.

రెండవది ఇథనాలు. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో దీని పాలు 20 శాతమునకు చేరినది. లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలు శక్తిలో మూడింట రెండు పాళ్లే. అందుచేత ఈ మిశ్రమమున శక్తి సుమారు 7 శాతము తగ్గును. దీనిని చెరకుతోనే కాక బియ్యముతోను, మొక్కజొన్నతోను చేయుదురు. పూర్వపు పాలమూరు జిల్లాలోని చిత్తనూరులో ఇథనాలు కర్మాగారము వలన కాలుష్యము కలుగుచున్నదని 2023లో గ్రామస్థులు ఆందోళన చేసిరి. తినుటకు పనికిరాని ధాన్యముతో చేసినచో ఆక్షేపణ కొంత తగ్గును. కాని బోరుబావులపై బ్రదుకు మెట్టసీమలో ఇంధనము కొరకే వరి పండించుట, నీటిని కాల్చుటయే యగును.

మూడవది విద్యుత్ కారు. తనకందిన విద్యుత్తులో ముప్పాతికకు పైగా ఇది చక్రములకు చేర్చును; పెట్రోలు ఇంజను తన ఇంధన శక్తిలో సుమారు నాల్గవ వంతే చేర్చును. ఇది నిజమైన మేలు. కాని నల్లగొండ జిల్లా దామరచర్ల మండలములోని 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రము బొగ్గుతో నడచునది. బొగ్గు వేడిలో సగమునకు పైగా విద్యుత్తు కాకుండగనే పోవును. అట్టి విద్యుత్తుతో నడచినపుడు పొగ ఊరు మారును గాని మాయము కాదు. నాగార్జునసాగరు జలవిద్యుత్తు, సూర్యరశ్మి వలన కలుగు విద్యుత్తు వాడినచో లెక్క మారును. పాలమూరు చెంత దివిటిపల్లిలో 2023లో బ్యాటరీ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. అయితే బ్యాటరీ శక్తిని దాచునే గాని పుట్టించదు.

ఈ మూడింటిలో విద్యుత్ కారునకే ముందుచూపు కలదు. ఎండకు కొదువలేని ఈ సీమలో పగటిపూట సౌరశక్తితో బ్యాటరీని నింపుకొన్ననాడే దాని గొప్ప పూర్తిగా నిలుచును. ఏ కారును గూర్చి విన్నను విద్యార్థి అడుగవలసిన ప్రశ్నలు మూడు: దాని శక్తి ఎచ్చటిది? అందుకు ఎంత నీరు పోయినది? అందులో చక్రమునకు చేరినదెంత?